హీరో ఫ్రెండుని ఇంటర్వెల్‌కి ముందే చంపేయకండి

తెలుగులో యాక్షన్ సినిమాలు రాస్తున్న రచయితలకు, తీస్తున్న దర్శకులకు,

నమస్కారం.

నేను కోర్టు వార్తలు రాసే విలేకరిని. వారంలో మిగతా రోజులన్నీ కోర్టు వరండాల్లో గడిచినా, శుక్రవారం మార్నింగ్ షోకి మాత్రం మీ మనిషిని. హీరో ఎంట్రీకి కాగితాలు ఎగరేసే వయసు దాటిపోయింది గానీ, ఎగరేసేవాళ్ల పక్కన కూర్చోవడం ఇప్పటికీ ఇష్టమే. కాబట్టి ఈ ఉత్తరం తెరమీద నెత్తురు ఎక్కువైందని మొత్తుకోవడానికి రాస్తున్నది కాదు. ఆ పనికి వేరేవాళ్లు ఉన్నారు. సెన్సారు వాళ్లు కూడా యూ/ఏ సర్టిఫికెట్‌ని 7, 13, 16 ఏళ్లని వయసుల వారీగా మూడు ముక్కలు చేసి తమ వంతు తాము చూసుకుంటున్నారు.

నా గొడవంతా హీరో పక్కనుండే ఒక్క మనిషి గురించి. వాడి ఫ్రెండు గురించి.

చట్టాన్ని చేతుల్లోకి తీసుకునే హీరో కథ అనగానే ఆ ఫ్రెండుకి ఏ గతి పడుతుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. చెల్లెలి పెళ్లి గురించో, కట్టబోయే ఇంటి గురించో వాడు సంబరంగా చెప్పడం మొదలెట్టాడంటే, ఇంకో రెండు సీన్లలో పోతాడని హాల్లో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. వాడి శవం మీద హీరో అరిచిన అరుపే ఇంటర్వెల్ బ్యాంగ్. అలా పోకపోతే సెకండాఫ్‌లో డబ్బుకి అమ్ముడుపోతాడు. అదీ కాదంటే జోకులేస్తూ కారు నడుపుతాడు. హీరో పదిమందిని నరికి వచ్చి వెనక సీట్లో కూర్చుంటే, ‘ఏంట్రా ఇది’ అని అడగాల్సినవాడు ‘ఎటు పోనివ్వను మావా’ అంటాడు.

ఇక్కడే మీరు చేతికందిన బంగారాన్ని పారేసుకుంటున్నారని నా బాధ. హీరో తనే పోలీసు, తనే జడ్జి, తనే తలారి అయిపోయిన కథలో అతన్ని నిలబెట్టి ప్రశ్న వేయగలిగిన మనిషి ఒక్కడే మిగులుతాడు. విలన్ అడిగితే మనం వినం. పోలీసు అడిగితే వాడు విలన్ జీతగాడంటాం. హీరోయిన్ అడిగే సీను మీరు రాయరు, దాని మీద ఇంకో ఉత్తరం రాయొచ్చు. ఇక మిగిలింది ఫ్రెండు. ‘నువ్వు చంపబోతున్నది అసలు నేరం చేసినవాణ్నేనా?’ అని వాడు అడిగితే హీరో ఆగాలి, మేమూ ఆగాలి. అంత పని చేయగల పాత్రని హీరోకి కోపం తెప్పించే సరుకుగా వాడేసి పక్కన పడేస్తున్నారు.

ఆ ప్రశ్న మీ సినిమాల్లో ఎందుకు పుట్టదో నాకు తెలుసు. మీ ఫ్లాష్‌బ్యాక్ అబద్ధం చెప్పదు. నేరం ఎవడు చేశాడో కెమెరా ముందే మాకు చూపించేసి ఉంటుంది. హాల్లో ఉన్న వెయ్యి మందీ ప్రత్యక్ష సాక్షులే. ఇక అనుమానానికి చోటెక్కడిది? నేను పనిచేసే చోట ఫ్లాష్‌బ్యాక్ అంటే ఒక సాక్షి బోనులో నిలబడి చెప్పే మాట మాత్రమే. దాన్ని అవతలి వకీలు క్రాస్ చేస్తాడు. నిన్న చెప్పినదానికీ ఇవాళ చెప్పినదానికీ పొంతన లేదని నిలదీస్తాడు. చాలాసార్లు ఆ ఫ్లాష్‌బ్యాక్ అక్కడే చిరిగిపోతుంది.

ఒక కేసు గుర్తుచేస్తాను. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టల్లో ఫార్మసీ చదివే అమ్మాయిని దారుణంగా చంపేశారు. రాష్ట్రమంతా ఉడికిపోయింది. మరుసటేడు పోలీసులు ఒక పేద కుర్రాణ్ని పట్టుకుని ఇతనే అన్నారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017లో హైకోర్టు ఆ శిక్షని కొట్టేసి నిర్దోషి అని విడిచిపెట్టింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడతను. తర్వాత ఆ కేసుని మళ్లీ మొదట్నుంచీ దర్యాప్తు చేయమని సీబీఐకి అప్పగించారు.

2008లో మీ హీరో ఒకడు నిజంగా ఉండి ఉంటే ఎవర్ని చంపేవాడు? పేపర్లో ఫొటో పడినవాణ్నే కదా. మంచి బీజీఎంతో, వర్షంలో, స్లో మోషన్‌లో. మనం విజిల్ కూడా వేసేవాళ్లం. ఆ కుర్రాడి తల్లి ఎంత మొత్తుకున్నా మనకి వినపడేది కాదు. హీరో ఫ్రెండు ఒక్కడు అడ్డుపడి, ‘ఒరేయ్, ఆ రాత్రి వీడు అక్కడ ఉన్నాడని నీకెవరు చెప్పారు?’ అని అడిగి ఉంటే? ఆ ఒక్క ప్రశ్నకి జవాబు వెతకడంతోనే మీకు సెకండాఫ్ మొత్తం దొరికేది.

2019 సంగతి అయితే ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం తర్వాత, డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ రోజు అక్కడ పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు, జేజేలు కొట్టారు. క్లైమాక్స్ అయ్యాక హాల్లో ఉండే హడావిడే, రోడ్డు మీద. తర్వాత సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల్ని హత్య నేరం కింద విచారించాలని కమిషన్ చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని కూడా తేల్చింది. పూలు చల్లిన జనంలో ఎందరు ఆ నివేదిక గురించి విని ఉంటారు? సినిమా అయిపోయాక లైట్లు వేస్తే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు కదా.

అలాగని చప్పట్లు కొట్టే జనం రక్తపిపాసులని నేను అనను. అలా అనేవాళ్లకి ఏసీ గదుల్లోంచి జనం కనపడరు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో దళితుల్ని ఊచకోత కోశారు. తీర్పు రావడానికి 2007 దాకా పట్టింది. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులుగా వదిలేసింది. ఇరవై మూడేళ్లు ఎదురుచూసి ఆ మాట విన్న మనిషికి ‘చట్టం తన పని తాను చేసుకుపోతుంది’ అనే డైలాగు ఎలా వినపడుతుంది? దేశంలోని కోర్టులన్నిట్లో కలిపి ఐదు కోట్లకు పైగా కేసులు పెండింగులో ఉన్నాయి. మీ హీరో కత్తి ఎత్తినప్పుడు లేచే ఆ అరుపులో ఈ ఐదు కోట్ల వాయిదాల విసుగుంది. 1985లో టి. కృష్ణ ‘ప్రతిఘటన’ తీసినప్పుడు ముందు చట్టం ఎన్ని రకాలుగా చేతులెత్తేస్తుందో ఓపిగ్గా చూపించారు. లెక్చరర్ చేతికి గొడ్డలి వచ్చేసరికి ఆ గొడ్డలి బరువెంతో మనకి తెలిసిపోయి ఉంటుంది. ఇప్పటి కథల్లో అంత ఓపిక కనిపించడం లేదు. మొదటి రీల్లోనే గొడ్డలి వచ్చేస్తోంది, కారణం తర్వాత వస్తోంది.

కోపం న్యాయమైనదే. దాన్ని పరీక్షించేవాడు కథలో లేడు, అంతే నేనంటున్నది.

ఇదేదో హాలీవుడ్ నుంచి తెచ్చి చెబుతున్న పాఠం కాదు. ఫ్రెండు అడ్డం తిరిగే కథ మనకి ఎప్పట్నుంచో ఉంది. గయోపాఖ్యానం గుర్తు తెచ్చుకోండి. ఆకాశమార్గాన పోతున్న గయుడనే గంధర్వుడు ఉమ్మిన తాంబూలం, అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట్లో పడుతుంది. వాణ్ని చంపి తీరతానని కృష్ణుడు శపథం పడతాడు. నేరం చూస్తే తెలియక చేసిన పొరపాటు. శిక్ష చూస్తే మరణం. వేసేది సాక్షాత్తూ దేవుడు. గయుడు పారిపోయి అర్జునుడి కాళ్ల మీద పడతాడు. తరుముతున్నది ఎవరో అడక్కుండానే అర్జునుడు అభయమిచ్చేస్తాడు. తీరా తెలిసేసరికి ఎదురుగా బావగారు, ప్రాణ స్నేహితుడు.

తప్పుకో అన్నారు అందరూ. అర్జునుడు తప్పుకోలేదు.

గయుడు అతనికి చుట్టమూ కాదు, స్నేహితుడూ కాదు. మాటిచ్చాడు, అంతే. కృష్ణుడు చెడ్డవాడని అర్జునుడు ఒక్క క్షణం కూడా అనుకోడు. అయినా బాణం ఎక్కుపెడతాడు. పైవాళ్లు దిగివచ్చి ఆపితే గానీ ఆ యుద్ధం ఆగదు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు నాటకంగా రాస్తే ఊరూరా ఆడారు. 1963లో కె.వి. రెడ్డి గారు ఎన్టీఆర్ని కృష్ణుడిగా, ఏఎన్నార్ని అర్జునుడిగా పెట్టి ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ తీస్తే జనం ఎగబడి చూశారు. ఇద్దరు పెద్ద హీరోలు ఎదురెదురుగా నిలబడ్డారు, ఇద్దరిలో ఎవడూ విలన్ కాదు, ఎవరి ఇమేజీ తగ్గలేదు. అరవయ్యేళ్ల కిందట తెలుగు ప్రేక్షకుడికి అర్థమైంది ఇవాళ్టి ప్రేక్షకుడికి అర్థం కాదని ఏ కథా సిట్టింగులో, ఎవరు తేల్చారో చెప్పండి.

అంత దూరం ఎందుకు, 2022లో ‘ఆర్ఆర్ఆర్’లో రామ్ చేతికి కొరడా ఇచ్చి భీమ్‌ని జనం మధ్య కొట్టించిన సీను చూడండి. ఫైట్లన్నీ ఒకెత్తు, అదొక్కటీ ఒకెత్తు. అక్కడ ఇద్దరిదీ ధర్మమే, ఒకరి ధర్మం ఇంకొకరి వీపు మీద పడుతోంది. ఆ తర్వాత ఇద్దరి శత్రువూ ఒకడే అయిపోయి లెక్క తేలికైంది, అది వేరే సంగతి. కానీ స్నేహానికి పరీక్ష అంటే ఏమిటో ఆ కొరడా చెప్పింది. ఫ్రెండు మోసగాడని తేలడం పరీక్ష కాదండీ, అది పీడా విరగడవడం. ఇద్దరిలో ఎవరి మాటా కొట్టిపారేయలేకపోతే, అప్పుడు మొదలవుతుంది పరీక్ష.

ఇక నా వరండా నుంచి మీకు పనికొచ్చే సరుకు కొంత ఇస్తాను. కాపీరైటు అడగను.

హీరో హత్య చేసి వచ్చి ఫ్రెండు ఇంట్లో తలదాచుకుంటాడు. అన్నం పెట్టి, కట్టు కట్టి, తెల్లారేదాకా కాపలా కాస్తాడు వాడు. మీకది సెంటిమెంటు సీను. చట్టంలో అది నేరం. మరణశిక్ష పడదగిన నేరం చేసినవాడికి తెలిసీ ఆశ్రయమిస్తే ఐదేళ్ల దాకా జైలు. అందులో ఒక మినహాయింపు ఉంది, భార్యగానీ భర్తగానీ దాచిపెడితే నేరం కాదు. స్నేహితుడికి ఆ మినహాయింపు లేదు. ‘వీడు నాకు ప్రాణం’ అని పాటలో ఎంత పాడుకున్నా, చట్టం దృష్టిలో వాడు నీకు ఎవడూ కాడు. హీరోయిన్ తలుపు తీస్తే కేసు లేదు (పెళ్లయి ఉంటేనే లెండి), ఫ్రెండు తలుపు తీస్తే కేసు. తలుపు మీద చెయ్యి వేసి ఫ్రెండు ఆగే ఆ అరనిమిషాన్ని ఇంతవరకూ మన యాక్షన్ సినిమా ఏమాత్రం వాడుకుందో మీరే చెప్పండి.

జామీను సంగతి. హీరోని అరెస్టు చేస్తారు, కట్ చేస్తే బెయిల్ మీద బయట, సన్‌గ్లాసెస్, కారు. మధ్యలో ఏం జరిగింది? ఇద్దరు ష్యూరిటీలు కోర్టుకి వచ్చి, ఇంటి కాగితాలు చూపించి, పిలిచినప్పుడల్లా ఇతన్ని హాజరుపరుస్తామని సంతకాలు పెట్టి ఉంటారు. నేను చూసినంతలో ఆ సంతకాలు పెట్టేది ఎక్కువగా స్నేహితులే. అన్నదమ్ములు కూడా ఒక్కోసారి ఫోను ఎత్తరు. ఇక మీ హీరో బెయిల్ షరతులన్నీ గాలికొదిలేసి విలన్ అడ్డా మీదికి పోతాడు. వాయిదాకి రాడు. ష్యూరిటీ పెట్టినవాడికి నోటీసు వస్తుంది, రాసిచ్చిన సొమ్ము కట్టమని. హీరో గోడలు బద్దలుకొడుతూ ఉంటే ఇక్కడ ఒకడి ఇల్లు పోతోంది. ఆ ఫ్రెండు భార్య వాణ్ని ఏమడుగుతుంది? హీరో తిరిగొచ్చాక వాడి ముఖంలోకి ఎలా చూస్తాడు? మీరు కట్ అని రాసిన చోట ఒక సినిమా ఉంది.

అన్నిటికంటే పెద్దది అప్రూవర్, అంటే నిందితుల్లోంచే సర్కారు వైపు సాక్షిగా మారినవాడు. హీరోతో కలిసి మొదటి హత్యలో చెయ్యి వేసిన ఫ్రెండు, మూడోదాని దగ్గర ఇక చాలంటాడు. పోలీసులకి దొరుకుతాడు. అప్రూవర్‌గా మారితే క్షమాభిక్ష ఇస్తామంటారు. షరతేమిటంటే, తనకి తెలిసినదంతా దాచకుండా చెప్పాలి, తను చేసినదీ, హీరో చేసినదీ. ఏ ముక్క దాచినా క్షమాభిక్ష పోయి మళ్లీ నిందితుడవుతాడు. అంటే హీరో మీద ప్రేమతో ఒక్క మాట మింగితే తన మెడకి ఉరి. ఇంకో మెలిక. బెయిల్ మీద లేని అప్రూవర్ని విచారణ ముగిసేదాకా విడిచిపెట్టరు. హీరో బెయిల్ తెచ్చుకుని బయట తిరుగుతూ ఉండొచ్చు, నిజం చెప్పడానికి ఒప్పుకున్న ఫ్రెండు మాత్రం లోపలే. వాయిదా రోజున ఒకడు బయట్నుంచి వస్తాడు, ఒకడు జైలు వ్యాన్‌లో వస్తాడు. ఒకడు నిందితుడి చోట, ఇంకొకడు సాక్షి బోనులో. మధ్యన పది అడుగులు కూడా ఉండవు.

ఆ సీను రాయగలిగితే మీకు ఫైట్ మాస్టర్తో పనిలేదు. (ఉన్నా నాకు అభ్యంతరం లేదు. తర్వాత పెట్టుకోండి.)

అన్నట్టు, ‘మర్డర్ కేసు, త్రీ నాట్ టూ’ అనే డైలాగు ఇంకా వినపడుతోంది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో హత్యకి శిక్ష 103వ సెక్షన్. 302 ఇప్పుడు మత విశ్వాసాల్ని గాయపరిచే మాటలకి సంబంధించింది. కథ ఈ కాలంలో జరుగుతుంటే మీ ఇన్‌స్పెక్టర్ చేత ఆ నంబరు మార్పించండి. లేకపోతే ముప్పైమందిని నరికిన హీరో మీద నోరు జారిన కేసు పెట్టినట్టవుతుంది.

మీ అభ్యంతరం నాకు వినపడుతూనే ఉంది. ఫ్రెండు ప్రశ్నిస్తే హీరో ఎలివేషన్ పడిపోతుందని, ఫ్యాన్స్ ఒప్పుకోరని, బి, సి సెంటర్లలో ఆడదని. మన దగ్గర ఈ భయం పాతదే. తమిళ ‘రమణ’లో హీరోకి ఉరి పడుతుంది. అదే కథ 2003లో ‘ఠాగూర్’ అయ్యేసరికి ఆ ఉరి తప్పింది. ఎందుకు తప్పించారో అర్థం చేసుకోగలను, ఆ రోజు హాల్లో నేనూ ఉన్నాను, ఆ స్టార్‌ని ఉరితీస్తే తెర చింపేసేవాళ్లే. అయినా ఒక మాట. శిక్ష వద్దంటే వద్దు. కనీసం ప్రశ్న అయినా మిగలాలి కదా. చట్టం చేతిలోంచి తప్పించారు సరే, స్నేహితుడి చేతిలోంచి కూడా తప్పిస్తే ఆ హీరో ఇంకెవరికి జవాబుదారీ?

పైగా ఎలివేషన్ పడిపోతుందనే లెక్కే తప్పు. అందరూ చప్పట్లు కొట్టేవాణ్ని ఎత్తడం సులువు. తనని ప్రేమించే మనిషే ‘నువ్వు చేసింది హత్య’ అని ముఖం మీద అన్నాక కూడా నిలబడగలిగిన హీరోని చూపించండి, లేదా ఆ మాటకి కత్తి దించిన హీరోని చూపించండి. ఏది చూపించినా వాడు ఇప్పుడున్న హీరోకంటే ఒక బెత్తెడు ఎత్తే కనిపిస్తాడు. మీ దగ్గరున్న నటులు కూడా అరవడం తప్ప ఇంకోటి చేయక చాలాకాలమైంది. వాళ్లకీ ఆకలిగానే ఉండి ఉంటుంది.

అడుగుతున్నది ఒక్కటే. ఈసారి కథా చర్చల్లో వన్‌లైన్ ఆర్డర్ (సీన్ల వరస) వేసేటప్పుడు ఫ్రెండు పాత్రని చివరిదాకా బతకనివ్వండి. కొనుక్కోవడానికి వీల్లేనివాడిగా ఉంచండి. హీరో ఒక పని చెప్పినప్పుడు ‘చెయ్యను’ అనే హక్కు ఇవ్వండి, అలా అన్నాక కూడా వాడు హీరోకి ఫ్రెండుగానే ఉండాలి. మిగతా కథ ఆ ఒక్క మాటతో ఎటు పోతుందో చూడండి. పోకపోతే పాత పద్ధతి ఎలాగూ ఉండనే ఉంది, మేమూ ఎలాగూ వస్తాం.

ఫిలింనగర్ నుంచి నాంపల్లి క్రిమినల్ కోర్టులు ఎంతో దూరం కాదు. కొన్ని రకాల కేసులు తప్ప విచారణలన్నీ బహిరంగంగానే జరుగుతాయి, ఎవరైనా వెళ్లి వెనక బెంచీలో కూర్చోవచ్చు, టికెట్ లేదు. ఫోను మాత్రం ఆపుకోవాలి. వాదనల రోజు వద్దు, విసుగొస్తుంది. సాక్షుల్ని విచారించే రోజు కనుక్కుని పొద్దున్నే రండి.

ఇట్లు,
కోర్టు వార్తలు రాసుకుంటూ మీ సినిమాలు చూసే ఒక ప్రేక్షకుడు